అంచు పులుసు, ఇంటికో చిటికెడు ఉప్పు

మన తెలుగు సంఘం పిల్లలు వంటల పుస్తకం వేస్తున్నారట. అంచు పులుసు ఎలా వండాలో రాసివ్వమని అడిగారు. "మీకంటే బాగా ఎవరికి తెలుసు అంకుల్?" అన్నారు. నాకంటే బాగా తెలిసినవాళ్లు సుంగై పెటాని ఊళ్లో ఒక్క ఫ్లాట్ల బ్లాకులోనే డజను మంది ఉన్నారు. వాళ్లను వదిలి నన్ను అడగడానికి కారణం, కొన్నేళ్ల క్రితం నేను చెప్పిన ఒక అబద్ధం. అది నా ఫోటోతో సహా ఇంకా ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. అందుకని వంటా రాస్తాను, తంటా రాస్తాను. పుస్తకంలో చోటు చాలకపోతే వంట తీసేయండి, తంట ఉంచండి.

ముప్పై ఆరేళ్లు జార్జ్ టౌన్‌లో ఒక పెద్ద హోటల్లో పనిచేశాను. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి ఇండియన్ వంటింటికి పెద్దనయ్యాను. వంట వచ్చింది గాని ఒంటబట్టింది తక్కువ. నెత్తిన మూరెడు తెల్లటోపీ పెట్టుకోవడం నా ఉద్యోగం. ఎదుటివాళ్లకు టోపీ పెట్టడం మాత్రం రిటైరు కావడానికి రెండేళ్ల ముందు నేర్చుకున్నాను.

ఆ ఏడాది మా హోటల్లో పాతకాలపు వంటల వారం జరపాలనుకున్నారు. మేనేజరమ్మ కౌలాలంపూర్ నుంచి కొత్తగా వచ్చింది, చురుకైన మనిషి. వంటవాళ్లందరినీ కూర్చోబెట్టి, "బిర్యానీ వద్దు, అరిటాకు భోజనం వద్దు. ఈ దేశంలో అడవులు కొట్టి ఊళ్లు వేసిన రోజుల్లో మీ మీ వాళ్లు ఏం తిని బతికారో అది కావాలి," అంది. మలాయి వంటాయన ఏదో చెప్పాడు. చీనా వంటాయన ఇంకేదో చెప్పాడు. అందరూ నావైపు తిరిగారు. నోరు నన్ను అడక్కుండానే పని మొదలుపెట్టింది.

"అడవి అంచున వండే పులుసు ఒకటుంది. మా నాయనమ్మ చేసేది," అనేశాను.

మా నాయనమ్మ ఆ పులుసు మొహం చూసి ఎరగదు. మేముండేది కెడా రాష్ట్రంలో ఒక రబ్బరు తోటలో. మా నాన్న అక్కడ కంగాణి, అంటే పొద్దున్నే కూలీలను పేరుపేరునా పిలిచి పనిలోకి తోలేవాడు. కూలీల ఇళ్లు వరసగా ఉండేవి, దాన్ని లైను అనేవాళ్లం. మా ఇల్లు లైనుకు ఎడంగా, కాస్త ఎత్తు మీద ఉండేది. ఏడాదికోసారి లైను చివర పెద్ద కుండలో ఆ పులుసు ఉడికేది. వాసన మా గుమ్మం దాకా వచ్చేది, మేం మాత్రం గుమ్మం దాటేవాళ్లం కాము. ఆ వాసనే నాకున్న మొత్తం వారసత్వం.

రెండు రోజుల్లో పోస్టరు తయారైంది. నాయనమ్మ ఫోటో అడిగితే ఇచ్చాను. చెవులకు బావిలీలు పెట్టుకుని, కుర్చీలో దర్జాగా కూర్చున్న ఫోటో. కింద 'నాయనమ్మ చేతి అడవి పులుసు' అని ఇంగ్లీషులో రాశారు. ఇక ఆ పులుసు ఎలా చేస్తారో కనుక్కోవడం ఒక్కటే మిగిలింది.

తోట ఎప్పుడో అమ్మేశారు. లైను పడగొట్టి ఇళ్ల స్థలాలు చేశారు. అక్కడి జనం సుంగై పెటానిలో చవక ఫ్లాట్లలో ఉన్నారని తెలిసి, సెలవు రోజున మోటారుసైకిలు మీద సముద్రం మీది వంతెన దాటి వెళ్లాను. అడగ్గా అడగ్గా ఒక పెద్దమ్మ ఇల్లు చూపించారు. ఎనభై దాటిన మనిషి. తలుపు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవురు కావాల?"

ఫలానా కంగాణి కొడుకునని చెప్పాను.

"ఓలమ్మ! కంగాణి కొడుకువేటి? మీ నాన్న మాయమ్మను పేరెట్టి పిలిసినట్టు, పనిలోకి రమ్మని నన్ను పిలిసీకి వచ్చినావా?"

"కాదు పెద్దమ్మా. అంచు పులుసు నేర్సుకుందామని వచ్చినాను."

"ఓటల్లో వంటకాడివని సెప్పినారు? పులుసు రాదా నీకు? మరిన్నాళ్లూ ఆళ్లకేటి పెడతన్నావు?"

నవ్వుతూనే లోపలికి రమ్మంది. ఆ మధ్యాహ్నమంతా ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. ఇప్పుడు ఆమె చెప్పిన ప్రకారమే మీకు చెబుతున్నాను. పదిమందికి సరిపడా.

కిలో కర్రపెండలం తెచ్చుకోండి, మన మార్కెట్లో ఉబి అని అడిగితే ఇస్తారు. పైతొక్కతో పాటు లోపలి గులాబీరంగు పొర కూడా తీసేసి, ముక్కలు కోసి, నడిమి ఈనె లాగేయండి. మూత పెట్టకుండా మెత్తగా ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. అరకిలో వెదురు కొమ్ములు, అంటే లేత వెదురు మొలకలు, సన్నగా తరిగి, రెండుసార్లు నీళ్లు మార్చి, ఇవి కూడా మూతలేకుండానే బాగా ఉడికించండి. ఈ రెండింటిలోనూ ఉడికించకపోతే విషం ఉంటుంది, తొందరపడొద్దు. పావుకిలో ఎండుచేప నిప్పుల మీద కాల్చుకోండి. గ్యాసు పొయ్యి మీద ఇనప జల్లెడ పెట్టినా సరే, కిటికీ తెరవండి, లేకపోతే పక్క ఫ్లాటు వాళ్లు మేనేజ్‌మెంటుకు చెబుతారు. కాల్చిన చేపను వేడినీళ్లలో నానబెట్టి మూడుసార్లు కడగాలి. ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఒక వెల్లుల్లిగడ్డ కచ్చాపచ్చాగా దంచండి. నూనెలో ఆవాలు చిటపటలాడాక ఈ ముద్ద వేసి, పసుపు, చేప, కొమ్ములు వేసి వేయించి, పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం పోయండి. బాగా మరిగాక కర్రపెండలం ముక్కలు వేసి, సగం ముక్కలు గరిటెతో చిదపండి. చివర్లో రెండు గుప్పెళ్ల బియ్యం వేయించి బరకగా దంచిన పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది.

మూడుసార్లు కడిగితే చేపలో ఉప్పంతా పోతుంది కదా అని నేనూ అడిగాను.

"పోవాలనే గదా! ఎండుసేప రేసన్లో దొరలిచ్చేది. దాన్లో ఉన్నది ఆళ్ల ఉప్పు. మనకొద్దు," అంది పెద్దమ్మ.

"మరి మన ఉప్పు ఎప్పుడెయ్యాల?"

"నువ్వెయ్యకూడదు. పొయ్యి మీదుండగా ఎవురూ ఎయ్యకూడదు. కుండ దించినాక ఇంటికొకలు ఆళ్లింటి నుంచి సిటికెడు తెచ్చి ఎయ్యాల."

అడవి కొట్టిన మొదటి రోజుల్లో మొదలైందట ఆ పద్ధతి. వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు ఓడల్లో వచ్చినవాళ్లు. ఎవరికి ఎవరూ ఏమీ కారు. పొద్దున అడవిలోకి వెళ్లినవాడు సాయంత్రానికి తిరిగి రాకపోతే అడిగే దిక్కు లేదు. అప్పుడు కొత్తగా కొట్టిన నేలకు, అడవికి మధ్య అంచున ఒక కుండ పెట్టి ఈ పులుసు వండుకున్నారు. అందులో ఎవరి ఉప్పు పడిందో వాళ్లు తప్పిపోతే మిగిలినవాళ్లంతా వెళ్లి వెతకాలి. అదీ ఒప్పందం.

"మా ఇంటి నుంచి ఎవురూ ఉప్పు తెచ్చీవోరు కాదా?" అని అడిగాను.

"మీ ఇంటి నుంచా?" పెద్దమ్మ నవ్వింది. "తప్పిపోయినోడికి మీ నాన్న గైరాజరు ఏసీవోడు బాబూ. ఎతికింది మావు."

తర్వాత నవ్వు ఆపి అసలు మాట చెప్పింది. తోట వదిలాక ఆ కుండ పొయ్యి ఎక్కలేదు. కిందటేడు లైనులో మనిషి ఒకాయన ఇదే బ్లాకులో, ఏడో అంతస్తులో, ఒంటరిగా పోయాడు. మూడు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు.

"అడవిలో తప్పిపోయినోణ్ని రేత్రికి రేత్రే తెచ్చినాం. లిఫ్టున్న ఇంట్లో మడిసిని మూడ్రోజులు ఎవుడూ సూడ్నేదు. ఆ కుండ మళ్లీ పెట్టాల బాబూ. నా సేత ఇంక అవదు. నువ్వు వండుతానంటన్నావు గదా, ఆ యాళకి మావంతా వస్తాం, మా ఉప్పు మావు ఎస్తాం. అలాగైతేనే వండు."

"అలాగే పెద్దమ్మా. వచ్చే శనివారం హోటలుకు తప్పకుండా రండి," అన్నాను.

పిల్లలూ, నాకు తెలుసు. హోటల్ వంటింట్లోకి బయటి తిండి రాకూడదు, బయటి మనిషి రాకూడదు, బయటి ఉప్పు అసలే రాకూడదు. అడిగితే మేనేజరమ్మ ఏదో ఒక దారి చూపించేదేమో, కుండను బయట పందిట్లో పెట్టించేదేమో. నేను అడగలేదు. అడిగితే వాళ్లెవరని అడుగుతుంది. వాళ్లొస్తే నాయనమ్మ సంగతి బయటపడుతుంది. పోనీ రావద్దని పెద్దమ్మకు చెప్పాలి కదా? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. రుచి చూడడంలో ఎప్పుడూ తొందరపడే నాలుక, నిజం చెప్పడంలో మాత్రం ఎంత ఓపిక పట్టిందో!

ఆ శనివారం వచ్చింది. పొద్దున్నే పులుసు కాచాను. చేపను మూడుసార్లు కడిగాను, అంతవరకు పద్ధతిగానే చేశాను. తర్వాత డబ్బాలోంచి హోటల్ ఉప్పు తీసి, కొలిచి, వేశాను. రుచి చూశాను. చెప్పకూడదు గాని, అద్భుతంగా ఉంది. చిన్న చిన్న తెల్లకప్పుల్లో పోసి పైన కొత్తిమీర రెబ్బ పెట్టాం. అడవి అంచున కొత్తిమీర ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

పదకొండున్నరకు సరుకులు దించే వెనక గేటు నుంచి గార్డు ఫోను చేశాడు. "షెఫ్, మీకోసం జనం వచ్చారు. చాలామంది."

కిందికి దిగాను. పద్నాలుగు మంది. వ్యాను మాట్లాడుకుని వచ్చారు. ముందు గుమ్మానికి వెళితే అక్కడివాళ్లు వెనక్కి పంపారట. ఆడవాళ్లు పెళ్లికి కట్టుకునే చీరలు కట్టుకున్నారు. మగవాళ్లు ఇస్త్రీ చొక్కాలు. కూరగాయల బుట్టలకు, చెత్త డబ్బాలకు మధ్య వరసగా నిలబడి ఉన్నారు, పొద్దున హాజరుకు నిలబడినట్టు. గార్డు బల్ల మీద వాళ్ల ఉప్పు పరిచి ఉంది. కాగితం పొట్లాలు, చిన్న గుడ్డ మూటలు, ఒక పాత మైలో పొడి డబ్బా. మత్తుమందుకు ఉరి వేసే మన దేశంలో కాగితం పొట్లంలో తెల్లపొడి కనిపిస్తే ఏ గార్డూ నవ్వడు. ఈ కుర్రాడు ఉద్యోగంలో కొత్త, పైగా భయస్థుడు.

"ఇని అపా?" అంటున్నాడు. ఇదేమిటని.

"గరం లా, గరం," అంటున్నాడు ముందు నిలబడ్డ పెద్దాయన. ఉప్పేనని, 'లా' ఇక్కడివాళ్ల ఊతపదం. డెబ్బై అయిదేళ్లుంటాయి, తోటలో లారీ నడిపిన మనిషి. చిన్నప్పుడు నేనూ మావా అని పిలిచేవాణ్ని.

పెద్దమ్మ నన్ను చూసి మొహం విప్పుకుంది. "అదిగో వచ్చినాడు. సెప్పు బాబూ ఈడికి."

సరిగ్గా అప్పుడే పైమెట్ల మీద మేనేజరమ్మ గొంతు వినిపించింది. పెద్ద పెద్ద అతిథులకు వంటిల్లు చూపిస్తూ, ఫోన్లతో వీడియోలు తీసేవాళ్లను వెంటబెట్టుకుని ఇటే దిగుతోంది. గార్డు నావైపు తిరిగి మలాయిలో అడిగాడు.

"షెఫ్, వీళ్లు మీకు తెలుసా?"

ఇంతకాలంలో నాకు ఎన్నో కూరలు మాడాయి. ఏదీ ఇంత తొందరగా మాడలేదు. నేనూ మలాయిలోనే చెప్పాను.

"సప్లయర్ మనుషులు."

"సప్లయరు ఉప్పు పొట్లాల్లో తెస్తాడా?" అన్నాడు గార్డు.

పెద్దాయన నన్నొకసారి చూశాడు. కోపంగా కాదు, దారిలో రాయిని చూసి పక్కకు జరిగినట్టు చూశాడు. బల్ల మీద తన పొట్లం తీసుకున్నాడు, విప్పాడు, ఉప్పంతా అరచేతిలో పోసుకున్నాడు. గార్డు కళ్లముందు మొత్తం నాకేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉప్పుకే కావచ్చు. "గరం," అని ఖాళీ చెయ్యి చూపించాడు.

గార్డు సిగ్గుపడి మిగతా పొట్లాలు వెనక్కి ఇచ్చేశాడు. వాడికైనా ఆ మాత్రం సిగ్గుంది. నేను గొంతు తగ్గించి, "పెద్దమ్మా, కొంచెం సేపు స్టాఫ్ క్యాంటీన్లో కూకోండి, పులుసు నానే తెస్తాను," అన్నాను.

"ఉప్పు ఏసేసినావా?" అంది.

తల ఊపాను.

"అయితే అది ఉత్త పులుసే," అని మిగతావాళ్ల వైపు తిరిగింది. "రండర్రా, ఎల్దాం."

అతిథులు దిగేటప్పటికి వెనక గేటు ఖాళీ. కప్పులన్నీ చెల్లిపోయాయి. ఒకావిడ నాయనమ్మ గురించి చెప్పమంటే కెమెరా ముందు చెప్పాను. గొంతు వణికింది. అందరూ అది ప్రేమ అనుకున్నారు. మీరు ఇంటర్నెట్‌లో చూసింది అదే. అందులో నా గొంతు ఎందుకు వణికిందో ఇప్పుడు మీకు తెలుసు.

మూడు వారాలు సుంగై పెటాని వైపు తల తిప్పలేదు. నాలుగో వారం వెళ్లాను. దారి పొడవునా క్షమాపణ మాటలు వండుకుంటూ వెళ్లాను. తీరా గుమ్మంలో నిలబడ్డాక అన్నీ పచ్చిగానే మిగిలాయి. పెద్దమ్మ తలుపు తీసి, టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మాకు మలాయి రాదనుకున్నావేటి?" అంది.

"తప్పయిపోయినాది పెద్దమ్మా."

"సప్లయరు మడుసులమంట. ఏటి సప్లయి సేసినాం నీకు? పులుసు సప్లయి సేసినాం. నాయనమ్మను సప్లయి సేసినాం, వీడియోలో సూసినాం."

ఖాళీ గ్లాసు తీసుకెళ్లి కడిగి బోర్లించాను.

"వచ్చే ఆయితవారం కింద హాల్లో కుండెడతాను," అంది. "నువ్వు కొయ్యి, కడుగు, పొయ్యి సూడు. కుండ నానే దించుతాను. ఎవురొస్తే ఆళ్లొస్తారు."

ఆ ఆదివారం ఫ్లాట్ల కింద హాల్లో రెండు గ్యాసు పొయ్యిలు పెట్టి, టోపీ లేకుండా, వెదురు కొమ్ములు తరిగాను. మా పెద్ద వంటింట్లో నా కింద తొమ్మిదిమంది ఉండేవాళ్లు. ఇక్కడ నేనే అందరి కింద. "ఇంత లావు కోస్తారేటి? ఓటల్లో ఇలాగే కోస్తారేటి?" అని ఒకావిడ నా వెనకే నిలబడి ప్రతి ముక్కకూ లెక్క అడిగింది. నోరు మూసుకుని సన్నగా తరిగాను.

కుండ దిగేసరికి పెద్దమ్మతో కలిపి ఎనిమిదిమంది అయ్యారు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి చిటికెడు ఉప్పు వేసి, తమ ఫ్లాటు నంబరు పైకి చెప్పారు. పూర్వం పేరు చెప్పేవాళ్లట. నంబరు పద్ధతి పెద్దమ్మ పెట్టింది, వెతకడానికి వీలుగా ఉంటుందని. చివర్లో నేను మా ఇంటి నుంచి తెచ్చిన పొట్లం చూపించి వెయ్యవచ్చా అని అడిగాను. అందరూ పెద్దమ్మ వైపు చూశారు.

"ఎయ్యి," అంది పెద్దమ్మ. "నువ్వు తప్పిపోతే నిన్నూ మావే ఎతకాల గావాల. మా కర్మ."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఉప్పు వేశాను.

పద్నాలుగు ఇళ్ల కోసం కాచిన పులుసుకు నాది కలుపుకున్నా తొమ్మిది ఇళ్ల ఉప్పే పడింది. చప్పగా ఉంది. రానివాళ్ల వంతు మనం వెయ్యకూడదు, అది పద్ధతి. ఎవరూ ఏమీ అనకుండా ఆ చప్పదనాన్నే తిన్నారు. నాకు మాత్రం ప్రతి ముద్దలోనూ ఆ రాని ఆరుగురు తగ్గారు. ఎవరివల్ల తగ్గారో తెలుసు.

సగం భోజనాలయ్యాక పెద్దాయన వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేనే కంచం పెట్టి వడ్డించాను. పెద్దమ్మ కుండ దగ్గరనుంచే కేకేసింది.

"ఒరే, ముందు ఉప్పెయ్యి. తరవాత తిను."

"నాకాడ లేదప్పా," అన్నాడు పులుసు కలుపుకుంటూ. "నా ఉప్పు ఆ యాళ నాకేసినాను గదా."

నావైపు చూడలేదు. ఎత్తిపొడిచినట్టు కూడా అనలేదు, జరిగింది చెప్పాడంతే.

"ఉప్పెయ్యకపోతే నిన్నెవురు ఎతుకుతారు?" అంది పెద్దమ్మ.

"నానేటి అడవిలో ఉన్నానా? మూడో అంతస్తులో ఉన్నాను. ఎవుడూ ఎతకక్కర్నేదు," అని, ఇంకో గరిటె వెయ్యమని కంచం జరిపాడు. వేశాను.

ఆ తర్వాత ఆ హాల్లో కుండ ఏటా పెడుతున్నారు. రెండేళ్లకు అందరూ వచ్చారు. పెద్దాయన ఏటా వస్తాడు, తింటాడు, ఉప్పు మాత్రం వెయ్యడు. నేను బతిమాలలేదు. బతిమాలే హక్కు నాకు లేదు. అందుకని రిటైరైన దగ్గరనుంచి రోజూ పొద్దున ఏడింటికి ఆయనకు ఫోను చేస్తున్నాను. ఎత్తుతాడు, "ఉన్నాను," అంటాడు, పెట్టేస్తాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు.

వారానికో పదిరోజులకో ఒకసారి ఎత్తడు. రెండుసార్లు చేసి చూసి, మోటారుసైకిలు తీసి వంతెన ఎక్కుతాను. వాన పడినా సరే. గంట సేపు నడిపి ఆ బ్లాకు ముందు దిగేసరికి, ఆయన కింద మామక్ టీకొట్లో గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఫోను బల్ల మీదే ఉంటుంది. నన్ను చూసి గోడ గడియారం వైపు చూస్తాడు.

"ఇయాల లేటయినావు లా," అంటాడు.